సెలీనియం ఎక్కువైతే పిల్లలకు మరింత మేలా?

సెలీనియం అనే ఖనిజం యాంటీఆక్సిడెంట్ (కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను ఆపేది) కనుక పిల్లలందరికీ రోజూ మాత్రగా ఇవ్వాలని, మోతాదు మించినా మూత్రంలో పోతుందని, చైనాలో పిల్లల ప్రాణాలు కాపాడడమే ఇందుకు రుజువని చెప్పే సందేశమొకటి విస్తృతంగా తిరుగుతోంది. ఇందులో చైనా సంగతి నిజమే. దాన్ని మిగిలిన మాటలకు సాక్ష్యంగా నిలబెట్టడమే పొరపాటు.

మొదట యాంటీఆక్సిడెంట్ అన్న మాట చూద్దాం. సెలీనియం తనంతట తానుగా ఆ పని చేయదు. సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో భాగమై, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైముల్లో ఇమిడినప్పుడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మార్చడానికి తోడ్పడుతుంది. మనిషిలో ఇలా సెలీనియం ఇమిడిన ప్రోటీన్లకు, అంటే సెలీనోప్రోటీన్లకు, 25 జన్యువులు ఉన్నాయి. థైరాయిడ్ హార్మోనును చురుకైన రూపంలోకి మార్చే ఎంజైములు కూడా ఈ కోవలోవే. అయితే శరీరానికి చాలినంత సెలీనియం అందాక ఈ ఎంజైముల పనితనం ఒక స్థాయి దగ్గర నిలిచిపోతుంది, ఆపైన ఎంత మింగినా పెరగదు. పైగా సెలీనియం లవణమైన సెలీనైట్ మితిమీరితే, కణాల్లో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్ అయిన గ్లూటాథయోన్‌తో చర్య జరిపి, ఏ ఆక్సీకరణను ఆపాలని తీసుకున్నారో దాన్నే పెంచగలదు. సందేశం రాసినవారికి ఈ సగం కథ తెలిసినట్టు లేదు.

మూత్రంలో పోతుందన్నది అర్ధసత్యం. మూత్రపిండాలు కొంత బయటికి పంపుతాయి, కానీ సెలీనోమెథియోనిన్ (సెలీనియం ఉన్న అమైనో ఆమ్లం) రూపంలో అందినది శరీర ప్రోటీన్లలో మెథియోనిన్ స్థానంలో చేరి నిలవ ఉంటుంది. హద్దు మీరితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం, ఊపిరిలో వెల్లుల్లి వాసన కనిపిస్తాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప సప్లిమెంటులో లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం కలవడంతో 200 మందికి పైగా విషప్రభావానికి గురయ్యారు.

ఇక చైనా విషయం. 1935లో హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలోని కేషాన్‌లో గుర్తించిన గుండె కండరాల జబ్బు ఎక్కువగా పిల్లలకు, ప్రసవ వయసు స్త్రీలకు వచ్చింది. అక్కడి నేలలోనే సెలీనియం అత్యల్పం. 1970లలో సోడియం సెలీనైట్ ఇచ్చాక పిల్లల్లో జబ్బు బాగా తగ్గింది. అది తీవ్రమైన లోపాన్ని పూడ్చిన చికిత్స. లోపం లేని బిడ్డకు అది వర్తించదు. సిరల ద్వారానే దీర్ఘకాలం పోషణ పొందుతున్న పిల్లల వంటివారికి సెలీనియం విడిగా అవసరం కావచ్చు, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే.

అమెరికా ప్రమాణాల ప్రకారం 4 నుంచి 8 ఏళ్ల బిడ్డకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, గరిష్ఠ పరిమితి 150. పెద్దల కోసం అమ్మే మాత్రల్లో 200 మైక్రోగ్రాములవి సాధారణమే కనుక, ఒక్క మాత్రతోనే ఏడేళ్ల బిడ్డ ఆ పరిమితి దాటిపోతుంది.