ఫార్మసీ టెక్నీషియన్ ఉద్యోగంతో హెచ్1బీ రాదు, డబ్బు కట్టకండి

ఒకే మెసేజ్ వారంలో నాలుగుసార్లు వచ్చింది. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత పిన్ని పంపింది, ఆ తర్వాత ఇద్దరు స్నేహితులు. గత ఆదివారం గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేసి "అక్కా, డబ్బు కట్టేయనా?" అని అడిగేసరికి ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ ఇది: బీఫార్మసీ వాళ్లకు అమెరికాలో సువర్ణావకాశం. మూడు నెలల కోచింగ్ తీసుకుని పీటీసీబీ (అమెరికాలో టెక్నీషియన్లకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్ష పాసైతే ఫార్మసీ టెక్నీషియన్ ఉద్యోగం, హెచ్1బీ వీసా, నెలకు 5 వేల డాలర్లు. రెండేళ్ల అనుభవంతో ఫార్మసిస్ట్ అయిపోవచ్చు. పని తేలిక, మాత్రలు లెక్కపెట్టడమే. ఫీజు లక్షన్నర.

నేను టెక్సస్‌లో ఆరేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. టెక్నీషియన్ అంటే ఫార్మసిస్ట్ కింద మందులు సిద్ధం చేసే సహాయకులు.

జీతం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2023లో అమెరికా మొత్తం మీద టెక్నీషియన్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 40 వేల డాలర్ల చిల్లర. అదీ పన్నులు కట్టకముందు. నెలకు 5 వేలు ఎలా వచ్చాయో లెక్క వేసిన వాళ్లే చెప్పాలి.

అసలు మోసం వీసా దగ్గరుంది. హెచ్1బీ రావాలంటే ఆ ఉద్యోగానికే ఫలానా సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరి అయి ఉండాలి. వాళ్లు చూసేది మన దగ్గర ఏ డిగ్రీ ఉందని కాదు, ఆ ఉద్యోగం ఏ చదువు అడుగుతుందని. టెక్నీషియన్‌గా చేరడానికి ఇక్కడ హైస్కూలు చదువు చాలు. నా పక్కన పనిచేసే అమ్మాయికి పందొమ్మిదేళ్లు, నిరుడే స్కూలు అయిపోయింది. ఆమె చేసే పనికి బీఫార్మసీ పట్టా చూపించి వీసా అడిగితే ఎవరిస్తారు? వీసా రాదని తెలిసి కూడా "ముందు విజిటర్ వీసా మీద వెళ్లండి, అక్కడ చూసుకోవచ్చు" అని చెవిలో చెప్పేవాళ్లున్నారు. విజిటర్ వీసా మీద ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. పొలం తాకట్టు పెట్టి పంపే తల్లిదండ్రులకు ఈ మాట ఎందుకు చెప్పరు?

రెండేళ్లు పనిచేస్తే ఫార్మసిస్ట్ అయిపోతారన్నది దీనికి అన్న. టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు చేసినా ఫార్మసిస్ట్ లైసెన్సు రాదు, ఆ దారే వేరు. బయటి దేశంలో చదివినవాళ్లు ముందు ఎఫ్‌పీజీఈసీ అనే సర్టిఫికెట్ (విదేశీ ఫార్మసీ చదువుకు అక్కడి గుర్తింపు) తెచ్చుకోవాలి. 2003 జనవరి 1 తర్వాత పట్టా తీసుకున్నవాళ్లకు దానికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. ఆరేళ్ల ఫార్మ్‌డీ చేసినవాళ్లకు ఆ అడ్డు లేదు గానీ, ఆ సర్టిఫికెట్‌కే ఎఫ్‌పీజీఈఈ అనే ఫార్మసీ పరీక్ష, ఇంగ్లిషుకు టోఫెల్ పాసవ్వాలి. ఆ తర్వాత ఇంటర్న్‌గా పని గంటలు, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, చాలా రాష్ట్రాల్లో ఫార్మసీ చట్టం మీద ఇంకో పరీక్ష. వీటిలో ఒక్క పేరైనా మెసేజ్‌లో ఉందా?

ఇక మాత్రలు లెక్కపెట్టడం. అవును, ట్రేలో పోసి ఐదేసి చొప్పున పక్కకు లాగుతూ లెక్కపెడతాం. కానీ హైడ్రలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకు. షెల్ఫు మీద రెండు డబ్బాలూ దాదాపు పక్కపక్కనే ఉంటాయి. డ్రైవ్ త్రూలో కార్లు హారన్ కొడుతుంటే, ఒక చెవికి ఫోన్ ఆనించుకుని ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడుతూ ఆ డబ్బా తియ్యాలి. 2006లో ఒహాయోలో ఎమిలీ జెర్రీ అనే రెండేళ్ల పాపకు కీమో మందు కలపడానికి టెక్నీషియన్ 0.9 శాతం సెలైన్ బదులు 23.4 శాతం ఉప్పు ద్రావణం వాడింది. ఫార్మసిస్ట్ గమనించలేదు. పాప చనిపోయింది, ఫార్మసిస్ట్ జైలుకెళ్లాడు. అప్పటికి ఆ రాష్ట్రంలో టెక్నీషియన్లకు శిక్షణ గానీ లైసెన్సు గానీ తప్పనిసరి కాదు. ఆ తర్వాతే ఎమిలీ పేరుతో చట్టం తెచ్చారు. తేలిక పని అనేవాళ్లు ఆ పాప అమ్మానాన్నల ముందు ఆ మాట అనగలరా?

ఒక్కటి ఒప్పుకుంటాను. పీటీసీబీ పరీక్ష నిజమైనదే, మంచిదే. 90 ప్రశ్నలు, గంటా యాభై నిమిషాలు. హెచ్4 మీద (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) వచ్చి పని అనుమతి కార్డు ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తప్పకుండా రాయండి. నేనూ అలా వచ్చినదాన్నే. నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాక ఆ సర్టిఫికెట్ వల్లే మళ్లీ తెల్లకోటు వేసుకున్నాను. కానీ పరీక్షకు కూర్చోవాలంటే పీటీసీబీ గుర్తించిన శిక్షణ గానీ, 500 గంటల పని అనుభవం గానీ ఉండాలి. లక్షన్నర తీసుకునే ఆ కోచింగ్‌కు గుర్తింపు ఉందో లేదో మెసేజ్‌లో ఎక్కడా రాయలేదు. పాసయ్యాక కూడా టెక్సస్‌లో స్టేట్ ఫార్మసీ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా కౌంటర్ వెనక్కి రానివ్వరు.

తమ్ముడికి ఒకటే చెప్పాను: "హెచ్1బీ ఇప్పిస్తామన్న మాట ఫీజు రసీదు మీద రాసి సంతకం పెట్టమను, అప్పుడు కడుదువుగాని." సోమవారం వెళ్లి అడిగాడట. సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారట. ఇవాళ శనివారం, ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.