టీవీ ఓడించిన యుద్ధమట!

మా పెద్దబావ పాతపట్నంలో ఉంటాడు, నేను పర్లాకిమిడిలో. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందన్న సంగతి బస్సు టికెట్ల మీద భాష మారినప్పుడు తప్ప మాకు గుర్తుకురాదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక యుద్ధం నడుస్తూనే ఉంటుంది. మొన్న బావ పెట్టిన పోస్టు నాకు అప్పటికే నాలుగు చోట్ల నుంచి వచ్చింది, ఒకటైతే ఒడియాలో. అందులో ఉన్నది ఇదీ:

‘వియత్నాంలో అమెరికా సైన్యం ఓడిపోలేదు. దేశమంతా ఒక్కమాట మీద యుద్ధానికి దిగింది. తర్వాత టీవీవాళ్లు శవాలు చూపించి జనం మనసు విరిచేశారు. కాలేజీ కుర్రాళ్లు రోడ్డెక్కారు. సైన్యం చేతులు కట్టేశారు. ఓడించింది ఇంట్లోవాళ్లే. కాబట్టి యుద్ధం జరుగుతున్నప్పుడు జనం నోరు మూసుకోవాలి.’

గ్రూపులో అందరి ముందూ బావకు ఎదురు చెబితే బాగోదని అక్క అంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పేసుకుంటాను. పెద్ద పోరాటాల్లో చాలావరకు అమెరికాదే పైచేయి. 1968 జనవరి చివర, వాళ్ల కొత్త సంవత్సరం పండగ టెట్ రోజుల్లో, అమెరికా వెనకేసుకొచ్చిన దక్షిణ వియత్నాం పట్టణాల మీద కమ్యూనిస్టు సేనలు ఒక్కసారిగా దాడి చేశాయి. అందులో బాగా దెబ్బతిన్నది దాడికి వచ్చినవాళ్లే. నా పేచీ మిగతా మాటలతో.

‘దేశమంతా ఒక్కమాట మీద దిగింది.’

అసలు దిగడమన్నది ఏ రోజు జరిగిందో పోస్టు రాసినాయన చెప్పగలడా? 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర, అప్పటిదాకా వియత్నాంను ఏలిన ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. జెనీవాలో కూర్చుని దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర రెండుగా గీశారు: ఉత్తరం కమ్యూనిస్టులది, దక్షిణం వాళ్లంటే పడనివాళ్లది. (ఆ ఒప్పందం అమలును చూసుకునే అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత మన దేశానిదే. ఫార్వర్డుల్లో ఈ ముక్క ఎప్పుడూ కనపడదు.) 1960లో అక్కడున్న అమెరికా సైనికులు వెయ్యి లోపే. 1963 చివరికి 16 వేలయ్యారు. అయినా పేరు ‘సలహాదారులు’ అనే.

1964 ఆగస్టులో ఉత్తర వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండుసార్లు దాడి జరిగిందని అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం చెప్పింది. 2వ తేదీన జరిగిన మాట నిజం. 4వ తేదీ దాడి అసలు జరగనేలేదు. ఆ జరగని దాడిని కూడా చూపించే యుద్ధాధికారాలు అడిగారు. అమెరికా కాంగ్రెస్ దిగువ సభలో ఓట్లు 416–0, ఎగువ సభ సెనేట్‌లో 88–2. పోస్టు చెప్పే ఒక్కమాట ఇదే. వద్దన్న ఆ ఇద్దరు సెనేటర్లు, వేన్ మోర్స్, అర్నెస్ట్ గ్రూనింగ్, 1968లో పదవులు పోగొట్టుకున్నారు. ఇక జనం సంగతంటారా, 1964 అక్టోబరులోనే ఎన్నికల ప్రచారంలో జాన్సన్ వాళ్లకు చెప్పింది వేరే మాట: ఆసియా కుర్రాళ్లు చేసుకోవలసిన పనికి మన కుర్రాళ్లను తొమ్మిది పదివేల మైళ్ల దూరం పంపబోమని. జనం ఆ మాట విని ఓటేశారు, ఆయన అఖండంగా గెలిచాడు.

నాలుగు నెలలైనా తిరక్కుండా మెట్టు మెట్టుగా యుద్ధంలోకి దిగడం మొదలైంది. 1965 మార్చిలో ఉత్తరం మీద ఆగకుండా బాంబులు వేయడం మొదలుపెట్టారు. విమానాలకు దక్షిణ వియత్నాంలోని డానాంగ్‌లో స్థావరముంది, స్థావరానికి కాపలా కావాలి. కాపలా పేరుతో మార్చి 8న 3,500 మంది మెరైన్లు దిగారు. కంచె లోపల కూర్చుంటే బయటివాడు కొట్టిపోతాడు గనక బయటికెళ్లి వెతకాలన్నారు. ఏప్రిల్‌లో అందుకూ అనుమతి వచ్చింది. కూడానే ఈ మార్పు బయట పొక్కకూడదని ఆదేశమూ వచ్చింది. వెతికేవాళ్లకు అండగా ఇంకొందరు, వాళ్లకు అండగా మరికొందరు. ఆ ఏడాది చివరికి 1,84,000 మంది, 1967 చివరికి 4,85,000, 1969 ఏప్రిల్‌కు 5,43,000. మాక్స్‌వెల్ టేలర్ 1965 మొదట్లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబారి, అంతకుముందు త్రివిధ దళాల పెద్దగా చేసినవాడు. కాల్బలం ఒకసారి దిగితే గీత గీసి ఆపడం కష్టమని ఆయన ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రాశాడు. పేకాటలో పోయింది రాబట్టుకుందామని కూర్చున్నవాణ్ణి లేపడం ఎవరి తరం? బావకు ఈ సంగతి నేను చెప్పాలా, దసరా సెలవుల్లో ఆయనే చాలాసార్లు చూపించాడు.

‘టీవీవాళ్లు జనం మనసు విరిచేశారు.’

తేదీలు పక్కపక్కన పెడితే చాలు. వియత్నాంకు సైన్యాన్ని పంపడం పొరపాటా అని గాలప్ సంస్థ అక్కడి జనాన్ని అడుగుతూ వచ్చింది. 1965 ఆగస్టులో అవునన్నవాళ్లు 24 శాతం. 1967 అక్టోబరు నాటికి అవునన్నవాళ్లు 47, కాదన్నవాళ్లు 44. టెట్ దాడికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది. ఈ యుద్ధం ప్రతిష్టంభనలో పడిందని పేరున్న వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ టీవీలో చెప్పింది 1968 ఫిబ్రవరి 27న. టీవీ జనాన్ని నడిపించిందంటారా, జనం వెనకాల నడిచిందంటారా?

అంతకుముందు అమెరికా చేసిన కొరియా యుద్ధంలో ప్రతి రాత్రీ ఇంట్లోకి వచ్చి శవాలు చూపించే టీవీ లేదు. అయినా 1950 ఆగస్టులో పొరపాటన్నవాళ్లు అయిదోవంతు ఉంటే, చైనా ఎదురుగా దిగాక నెలల్లోనే సగం దాకా వెళ్లింది. శవపేటిక ఊరికొస్తే వీధివాళ్లకు ఎవరూ చూపించనక్కర్లేదు.

టెట్ దెబ్బ ఎందుకంత గట్టిగా తగిలిందో కూడా పోస్టులో లేదు. అక్కడి సేనాని వెస్ట్‌మోర్లాండ్ 1967 నవంబరులో వాషింగ్టన్‌కు వచ్చి, ముగింపు కనుచూపు మేరలోకి వస్తోందని చెప్పి వెళ్లాడు. రెండు నెలలు తిరిగేసరికి సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే శత్రువు వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత అదే సైన్యం ఇంకో 2,06,000 మందిని అడిగింది. గెలుస్తున్నవాడికి ఇంకో రెండు లక్షలమంది ఎందుకని అడగడానికి టీవీ చూడాలా?

‘కాలేజీ కుర్రాళ్లు రోడ్డెక్కారు.’

నేనూ చాన్నాళ్లు కుర్రకారంతా ఒకవైపు, పెద్దలంతా ఒకవైపు అనే అనుకున్నాను. సర్వేలు తిరగేసి చెబుతున్నాయి. యుద్ధాన్ని ఎక్కువగా సమర్థించింది ముప్పై ఏళ్ల లోపువాళ్లు, ఎక్కువగా వద్దన్నది యాభై దాటినవాళ్లు. రెండు యుద్ధాలు చూసిన కళ్లు మరి.

చీలిక లేదనను. 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో యుద్ధ వ్యతిరేక నిరసన మీద నేషనల్ గార్డు (రాష్ట్రాల చేతిలో ఉండే రిజర్వు సైన్యం) కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోతే, తప్పెవరిదని అడిగినప్పుడు 58 శాతం మంది విద్యార్థులదే అన్నారు, గార్డులదన్నది 11 శాతం. నాలుగు రోజులకు న్యూయార్క్‌లో భవన నిర్మాణ కార్మికులు నిరసనకారుల్ని వెంటపడి కొట్టారు. కానీ విద్యార్థుల్ని తిట్టినవాడు యుద్ధం కావాలన్నవాడే కానక్కర్లేదు. ‘గెలిస్తే గెలవండి, లేకపోతే ఇంటికి రండి’ అనేవాళ్లు బోలెడంత మంది. సర్వేలో వాళ్లూ పొరపాటనే అన్నారు, జెండా పట్టుకుని విద్యార్థి మీదా అరిచారు. 1964–73 మధ్య దాదాపు 22 లక్షలమందిని బలవంతంగా సైన్యంలోకి తీసుకున్నారు. కాలేజీలో సీటున్నవాడికి వాయిదా దొరికేది, లేనివాడికి పిలుపొచ్చేది. కార్మికుడి కోపానికి ఇంకేం కారణం కావాలి? ఆ వాయిదాల పద్ధతి పెట్టింది ప్రభుత్వం, టీవీ కాదు.

‘సైన్యం చేతులు కట్టేశారు.’

ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) మీద అమెరికా వేసిన బాంబులు 70 లక్షల టన్నుల పైమాట. రెండో ప్రపంచ యుద్ధమంతా కలిపి వేసింది 20 లక్షల చిల్లర. కట్టేసిన చేతులతోనే ఇంత! ఉత్తరంలోకి సైన్యం వెళ్లకపోవడం నిజమే. 1950లో కొరియాలో అలాగే వెళితే చైనా విరుచుకుపడింది. ఈసారి కూడా 1965 నుంచి చైనా దఫదఫాలుగా 3,20,000 మందిని ఉత్తర వియత్నాంలో సాయానికి పెట్టింది. ఆ భయం నిరసనకారులు పుట్టించింది కాదు.

‘జనం నోరు మూసుకోవాలి.’

నోరు మూసుకోమనడం సొంత జనంతో ఆగలేదు బావా. 1966లో ఇందిరాగాంధీ వియత్నాం మీద బాంబులు ఆపమన్నందుకు జాన్సన్ మండిపడ్డాడు. కరువు కాలంలో అమెరికా ఆహార సాయ పథకం పీఎల్ 480 కింద మనకు రావలసిన గోధుమల్ని ఓడల లెక్కన, ఏ నెలకు ఆ నెల కొలిచి వదిలాడు. ఎక్కడి డానాంగ్, ఎక్కడి మన రేషన్ కొట్టు! గోధుమపిండితో ఏం చేయాలో తెలియక గంజి కాచి పోశానని అమ్మ చెప్పే కబుర్లు అక్కకూ గుర్తుంటాయి.

నోరు మూసుకుని చూడటం కూడా జరిగింది. 1969 నవంబరు 3న, జాన్సన్ తర్వాత అధ్యక్షుడైన నిక్సన్ ‘మౌనంగా ఉన్న మెజారిటీ’ తన వెనక నిలబడమని అడిగాడు. నిలబడ్డారు, ఆయనకు మద్దతు పెరిగింది. అప్పటికే ఆ మార్చి నుంచి పక్కదేశం కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేస్తున్నారు. జనానికి తెలియదు గనక నోరెత్తే ప్రశ్నే లేదు. అయినా గెలుపు రాలేదు. చనిపోయిన 58 వేల పైచిలుకు అమెరికన్లలో 20 వేలమందికి పైగా నిక్సన్ హయాంలోనే పోయారు. వియత్నాంవాళ్ల లెక్క లక్షల్లో.

బావా, ఆదివారం వస్తున్నాను. అక్కతో చెప్పు, భోజనం అక్కడే.