పిలుపు వినపడని కక్షిదారు

సివిల్ కోర్టులో కేసు పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే ఏమవుతుందో కోర్టు మెట్లెక్కిన వారందరికీ తెలుసు. వాది లేకపోతే దావా కొట్టేస్తారు. ప్రతివాది లేకపోతే ఏకపక్షంగా విచారణ సాగుతుంది. మరి వరండాలో బంట్రోతు కేకేసిన పేరు వినపడని మనిషి సంగతేమిటి? చక్రాల కుర్చీలో పై అంతస్తు హాలుకు చేరేలోపు పిలుపు దాటిపోయినవారి గతేమిటి? తగిన కారణం చూపితే కేసును మళ్లీ తెరిపించుకోవచ్చు, నిజమే. అందుకు మరో పిటిషన్, మరోసారి వకీలు ఫీజు, మరికొన్ని వాయిదాలు. తప్పు తమది కాకపోయినా ఖర్చు మాత్రం వారిదే.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ కోర్టుల గురించే చెబుతోంది. కాగితాలు దాఖలు చేసే రిజిస్ట్రీలో తగిన పరికరాలు ఉండాలంటోంది, వికలాంగుల సాక్ష్యాన్ని వారు కోరుకునే భాషలో, పద్ధతిలో నమోదు చేయాలంటోంది. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. కానీ ఏర్పాటు కావాలని ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి? దీనికి జవాబు తెలియకపోతే అంతా ఆనాటి జడ్జిగారి దయ మీదే నడుస్తుంది.

పంపకాల దావానే తీసుకోండి. బధిర పాఠశాలకు వెళ్లని ఒక చెల్లెలు అన్నలపై వాటా కోసం దావా వేసిందనుకుందాం. ఆమె సైగలు అర్థమయ్యేది ఇంట్లోవాళ్లకే. ఆ ఇంట్లోవాళ్లే ప్రతివాదులు! మాట్లాడలేని సాక్షి విషయంలో దుబాసీ సాయం తీసుకోవాలని, వాంగ్మూలాన్ని వీడియో తీయాలని 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం చెబుతోంది. ఆ దుబాసీ ఎవరై ఉండాలో మాత్రం చెప్పలేదు. కేసుతో సంబంధం లేని దుబాసీల జాబితా ప్రతి జిల్లా కోర్టులో ఉండాలని, వారి రుసుము కక్షిదారు మీద పడకూడదని మేము కోరుతున్నాం.

చూపులేనివారి ఇబ్బంది వేరు. స్కాన్ చేసి ఎక్కించిన కేసు కాగితం కంప్యూటర్‌కు ఒట్టి బొమ్మ. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో అక్షరం కనపడదు. టైపు చేసిన ప్రతి కూడా ఇమ్మంటే చాలు.

ఒక పక్షానికి సాయం చేస్తే రెండోవారికి అన్యాయమన్న వాదన వినిపిస్తుంది. ఎదుటి పక్షం వకీలు సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఎవరూ ఆపమనడం లేదు. అడిగిన ప్రశ్న అర్థమయ్యేలా చూడమంటున్నారు, అంతే.

కట్టడాల్లో వికలాంగుల సౌకర్యాలకు తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని 2024 నవంబరులో రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తలపెట్టిన తెలంగాణ హైకోర్టు కొత్త భవనాన్ని ఆ ప్రకారమే కడతారని ఆశిద్దాం. అయితే ఇంటి తగాదా, అద్దె తగాదా ఉన్నవాడు ముందు వెళ్లేది పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టుకో, సికింద్రాబాద్ సివిల్ కోర్టుకో. అక్కడ దావా పత్రంతోపాటే ఏ ఏర్పాటు కావాలో రాసే ఒక కాగితం ఉండాలి. ప్రతివాదికి వెళ్లే సమనులో కూడా అదే ప్రశ్న ఉండాలి. జవాబును కేసు కట్ట పైనే అంటించాలి, జడ్జి బదిలీ అయినా అది పోకుండా. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, హైకోర్టు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.