గాడిద కొడుకు: షష్ఠీ తత్పురుష

మా ఆఫీసులో ఇకమీదట ఎవరూ తిట్టరు. నిషిద్ధ పదాల జాబితా గోడకెక్కింది. మొత్తం 31 మాటలు, అకారాది క్రమంలో, కింద ముద్ర, సంతకం. 'అప్రాచ్యుడు'తో మొదలై 'సన్నాసి'తో ముగుస్తుంది.

ఈ మహత్కార్యానికి వేసిన సంఘంలో నేనూ ఒకడిని. అయిదుగురం తలుపులు వేసుకుని రెండు పూటలు కూర్చున్నాం. అధ్యక్షులవారు ఒక్కో తిట్టునూ బడిలో హాజరు పిలిచినట్టు చదివారు.

"గాడిద కొడుకు. అభ్యంతరాలు?"

ఎవరికీ లేవు. చిట్టా రాస్తున్న కుర్రవాడు మాత్రం కలం ఆపాడు. "ఇది ఒక మాటా, రెండు మాటలా సార్?"

"షష్ఠీ తత్పురుష సమాసం నాయనా. గాడిద యొక్క కొడుకు. ఒకటిగానే రాసుకో."

"మరి ఉత్త గాడిద?"

"అది జంతువు."

"మనిషిని అంటే?"

ఇక్కడ టీ విరామం ప్రకటించారు. టీ తాగి వచ్చాక 'గాడిద'నూ చేర్చి, జంతువును ఉద్దేశించి అన్నప్పుడు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మా ఆఫీసులో గాడిదలు లేవు. అంటే, నాలుగు కాళ్లవి.

మరి గొంతు సంగతి ఏమిటని అడిగాను. ఇరవై ఏళ్ల తర్వాత ఎదురైన స్నేహితుడు "ఒరేయ్ వెధవా, బతికే ఉన్నావా!" అని మెడ చుట్టేస్తే అది తిట్టా? "మీరు చాలా తెలివైనవారండీ" అని ఒకడు సాగదీస్తే అది పొగడ్తా? రాగం కాగితం మీదికి ఎక్కదు గనక నా ప్రశ్నా ఎక్కలేదు.

తొలి నేరస్థుడు మా గుమస్తా. బల్ల కాలికి బొటనవేలు కొట్టుకుని "సన్నాసి!" అని అరిచాడు. అన్నది బల్లను. అయినా నోటీసు ఇచ్చారు. బ్రిటన్‌లో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో జనం చేత మంచునీళ్లలో చేతులు పెట్టించి చూశారు. తిట్టుకుంటూ పెట్టినప్పుడే ఎక్కువసేపు ఓర్చుకున్నారు. మన రామదాసుకు ఈ ప్రయోగం గోల్కొండ చెరసాలలోనే అయింది. దెబ్బలకు తాళలేక రాముడి అబ్బ దాకా వెళ్లి తిట్టాడు, ఆ వెంటనే ఏమీ అనుకోవద్దని బతిమాలుకున్నాడు. దాన్ని నిందాస్తుతి అని చేతులు జోడించి పాడుకుంటున్నాం. మా ఆఫీసులో అయితే ఆయనకూ నోటీసే.

జాబితాలో 'వెధవ' ఉంది. 'విధవ' నుంచి వచ్చిన మాట. మొగుడు పోవడమే తిట్టయి కూర్చున్న మాట. మోటుగా ఉందని నిషేధించారే తప్ప, అది తిట్టెలా అయిందని అయిదుగురిలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

జాబితా అంటించిన మర్నాడు పొద్దున మెట్లు తుడిచే ఆమె ఎదురైంది. భర్త పోయి ఏడాది కాలేదు. జాబితా మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఎంతో మెత్తగా, "పొద్దున్నే ఎదురు రాకమ్మా, కాస్త పక్కకు నిలబడు" అన్నాడు.

రాక'మ్మా' అట! గొంతు పెంచలేదు. 31లో ఒక్క మాటా వాడలేదు. ఆమె చీపురు గుండెకు అదుముకుని గోడకు అతుక్కుపోయింది. సిగ్గులేని మనిషి! 31 మాటలూ వరసబెట్టి తిట్టినా ఆమెకు అంత తగిలేది కాదు. ఆ 'అమ్మా'ను ఏ సమాసం కింద రాసుకోవాలయ్యా?

గాడిదా అన్నాను. గట్టిగానే, మూడు అంతస్తులకూ వినపడేటట్టు.

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. జంతువును ఉద్దేశించి అన్నానని రాస్తున్నాను.