బొటనవేలికి బొబ్బిలి యుద్ధం

మా పొలం బొబ్బిలికి ఆరు కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల మట్టిలో ఏ తుప్పు ముక్క దొరికినా అది 1757 జనవరి 24 నాటిదే. బుస్సీ ఫిరంగి గుండో, తాండ్ర పాపారాయుడి కత్తి పిడో అయి తీరాలి. మా పెదనాన్న పదేళ్ళు బీరువాలో దాచిన ఫిరంగి గుండు, చివరికి లారీ బేరింగ్‌లో గోళీ అని తేలింది. అయినా మాకు బుద్ధి రాలేదు.

మొన్న దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాల బురదలో ఓ ఇత్తడి రింగు తేలింది. చిలుం పట్టి పచ్చగా ఉంది. కింద చిన్న కాడ, కాడ చుట్టూ సన్నగా మెలికలు తిరిగిన నగిషీ. నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే సరిగ్గా ముందు రోజు రాత్రే యూట్యూబ్‌లో చూశాను. ఇంగ్లండ్‌లో సోమర్సెట్ దగ్గర పోల్డెన్ హిల్ అనే చోట 1803లో పొలం దున్నుతుంటే రథాల గుర్రాలకు కట్టే సామాను బయటపడిందట. పగ్గాలు దూర్చే రింగులు, వాటి మీద ఎర్రటి ఎనామిల్ పని, దగ్గరదగ్గర రెండు వేల ఏళ్ళ నాటివి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనది బుస్సీ గుర్రానిదైనా చాలు కదా!

మా బావమరిది లా చదివాడు, పూర్తి చెయ్యలేదు. "బావా, 1878 చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి" అన్నాడు. సరే, ముందు ఫోటో తీద్దాం, సైజు తెలియాలి కదా అని రింగులో బొటనవేలు పెట్టాను.

ఫోటో బాగా వచ్చింది. వేలు రాలేదు.

సబ్బు అయింది, కొబ్బరినూనె అయింది. వేలు వంకాయలా తయారైంది. "పెళ్ళిలో తొడిగిన ఉంగరం మూడో రోజుకే పారేసుకున్నారు. ఇదైతే ఎంత గట్టిగా ఉందో!" అంది మా ఆవిడ. కోసేద్దామని కంసాలి అంటే, చరిత్రని కోస్తావా అని నేనే ఒప్పుకోలేదు.

ఇంతలో ఎదురింటి తాత వచ్చాడు. ఒకప్పుడు బొబ్బిలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. దారం తెమ్మన్నాడు. ఒక కొస రింగు కిందనుంచి అవతలికి దూర్చి, ఇవతల గోరు దాకా బిగించి చుట్టాడు. అవతలి కొస పట్టుకుని, గుర్రాన్ని అదిలించినట్టు నాలికతో టక్ టక్‌మంటూ విప్పాడు. చుట్టు విడిన కొద్దీ రింగు జరిగి జరిగి ఊడింది.

"నగిషీ చూశావా తాతా?"

"నగిషీ ఏటి బావూ, మర అది. నట్టు పడతాది" అంటూ మొలతాడుకున్న తాళాల గుత్తి తీశాడు. గుత్తికి అచ్చం అలాంటి రింగే. "జీను మీద జోడీగా ఉంటాయి, పగ్గాలు దూరడానికి. మీయమ్మని కాపరానికి తెచ్చిన్నాడు మీ చేలోనే బండి తిరగబడిపోనాది. రెండోది ఎంతెతికినా దొరకలేదు. మీ తాత బాడుగ కూడా ఇవ్వలేదు, రెండున్నర రూపాయలు."

మా బావమరిది వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు.

"పది లోపే బావా. కలెక్టరుకి చెప్పక్కర్లేదు."