ఇంజిన్ మార్చే చేతికి ఈ తాళం ఎందుకు?

పాత కారు ఇంజిన్ పాడైతే చాలా చోట్ల వినిపించే సలహా ఒకటే: ఇక దీన్ని తుక్కుకు ఇచ్చేయండి. బాడీకి తుప్పు లేదు, తలుపులు గట్టిగానే పడుతున్నాయి, సస్పెన్షన్ బాగుంది. అయినా పిస్టన్ రింగులు అరిగి నీలం పొగ వస్తోందని బండి మొత్తానికి శిక్ష వేస్తారు. ఆ మాట వినకుండా వేరే కారు ఇంజిన్ ఒకటి సంపాదించి, ఇంటి షెడ్డులో చెయిన్ పుల్లీ కట్టి, నెలల తరబడి కూర్చుని తమ బండికి బిగించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను చూసి ఇరుగుపొరుగు పిచ్చి అంటారు, తనిఖీ అధికారులు అనుమానంగా చూస్తారు. నేను వాళ్ల పక్షాన నిలబడుతున్నాను. అలా మార్చిన బండిని ఎవరు, ఎక్కడ, ఏ భాగంతో చేశారన్నది చట్టానికి ముఖ్యం కాకూడదు. అది రోడ్డు మీద ఎలా నడుస్తోంది, ఎలా ఆగుతోంది, గాలిలోకి ఏం వదులుతోంది అన్నదే లెక్కలోకి రావాలి.

ఇది కొత్తగా పుట్టిన సరదా కూడా కాదు. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ తెచ్చినప్పటి నుంచి దాన్ని పాత బళ్లలోకి ఎక్కించడం మొదలైంది. 1955లో షెవర్లే చిన్న వీ8, 1997లో కార్వెట్ స్పోర్ట్స్ కారుతో వచ్చిన ఎల్ఎస్1 అనే వీ8 ఆ పరంపరను ముందుకు తీసుకెళ్లాయి. కంపెనీలు కూడా ఇదే చేశాయి. బ్యూయిక్ 1961లో తెచ్చి రెండు మూడేళ్లకే వదిలేసిన 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 హక్కులను బ్రిటన్‌లోని రోవర్ కొనుక్కుంది. 1970 రేంజ్ రోవర్‌లో ఉన్నది ఆ ఇంజినే. దాన్ని ఎంజీబీ అనే చిన్న స్పోర్ట్స్ కారులో పెట్టి అమ్మినవాడు కెన్ కాస్టెల్లో అనే వ్యక్తి. ఆయన బళ్లు రోడ్డెక్కిన తర్వాతే, 1973లో, ఎంజీబీ తయారుచేసే కంపెనీ తన సొంత ఎంజీబీ జీటీ వీ8ను విడుదల చేసింది. ఒకరు వద్దని వదిలేసిన ఇంజిన్ 2000 దాటాక కూడా ల్యాండ్ రోవర్ బళ్లలో తిరిగింది.

బయటి నుంచి చూసేవాళ్లకు ఈ పనంటే పాతది దించి కొత్తది ఎక్కించడమే. నిజానికి ఇంజిన్ బే లోకి ఇంజిన్ దిగిన రోజున పని మొదలవుతుంది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్లు వెల్డింగ్ చేయడం అన్నిటికంటే తేలిక. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో లోతైన భాగం ముందుందా వెనకుందా, కింద ఉన్న క్రాస్‌మెంబర్ అనే అడ్డ దూలానికి అది తగులుతుందా అన్నది మొదటి చిక్కు. తర్వాత ఇంజిన్ పొగను బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ స్టీరింగ్ షాఫ్ట్‌కీ మధ్య ఎడం. బండి నిలబడి ఉన్నప్పుడు వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఆ సందు మాయమవుతుంది. ఇది తెలియనివాడు కాగితం మీద కొలిచి సరిపోయిందనుకుంటాడు. తెలిసినవాడు ఇంజిన్‌ను చేత్తో ఊపి, ఒరిగిన చోట కొలుస్తాడు.

గేర్‌బాక్స్ దగ్గర లెక్క ఇంకా సన్నం. వేరే కంపెనీ గేర్‌బాక్స్ అయితే మధ్యలో అడాప్టర్ ప్లేటు పెట్టాలి. క్రాంక్ షాఫ్ట్ కేంద్రం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు కాస్త దాటి తేడా వచ్చినా బేరింగూ క్లచ్చూ అరగడం మొదలవుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్ల జాయింట్ల కోణాలు ఒకదానికొకటి సరితూగాలి, లేకపోతే వేగం పెరిగేకొద్దీ బండంతా వణుకుతుంది. హోండా బళ్ల మీద పనిచేసేవాళ్లకు ఇంకో పాఠం ఉంది. పాత బీ సిరీస్ ఇంజిన్ తిరిగే దిక్కుకు ఆ తర్వాత వచ్చిన కే సిరీస్ తిరిగే దిక్కు వ్యతిరేకం. పాతదానిలో ముందున్న ఎగ్జాస్ట్ కొత్తదానిలో వెనక్కి పోతుంది, గేర్‌బాక్స్ కూడా రెండో పక్కకు మారుతుంది. బానెట్ కింద ఉన్న ప్రతి వస్తువునూ కొత్తగా ఆలోచించాల్సిందే.

ఇంధనం సంగతి చూడండి. కార్బురేటర్‌కు చదరపు అంగుళానికి 4 నుంచి 7 పౌండ్ల ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ ఇంజిన్‌కు చాలావరకు 40 నుంచి 60 కావాలి. పాత రబ్బరు గొట్టాన్ని అలాగే ఉంచేస్తే అది వేడి ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు చిమ్మే ప్రమాదం. కాల్చిన ఇంధనంలో దాదాపు మూడో వంతు శక్తి వేడిగా కూలెంట్‌లోకి పోతుంది కాబట్టి, పెద్ద ఇంజిన్‌కు పాత రేడియేటర్ చాలదు. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 85కు వెళ్తే బ్రేకులు ఆపాల్సిన శక్తి రెట్టింపవుతుంది, కనుక ఇంజిన్‌తో పాటు బ్రేకులూ మారాలి. పెట్రోలు తీసి డీజిల్ పెడితే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ ఇచ్చే పంపు విడిగా ఉండాలి. అది మరిచిపోతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఒక మనిషి ఒక యంత్రాన్ని పూర్తిగా అర్థం చేసుకునే చోటు ఇది. సర్వీస్ సెంటర్లో పనిచేసే మంచి మెకానిక్‌కు కూడా ఈ అవకాశం అరుదు. అక్కడ పాడైన భాగం తీసి అదే నంబరు భాగం పెడతారు. ఇంజిన్ మార్చేవాడికి అదే నంబరు భాగం ఎక్కడా దొరకదు. ఒకటి కదిపితే ఇంకేది కదులుతుందో తనే కనిపెట్టాలి. ఆ పని పూర్తి చేసినవాడితో అరగంట మాట్లాడి చూడండి. బ్రేకు గురించి అడిగితే వేడి గురించి చెబుతాడు, వేడి గురించి అడిగితే వైరింగ్ గురించి చెబుతాడు. అది ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేని చదువు.

దీన్ని వద్దనేవాళ్ల వాదన రెండు మాటల్లో చెప్పొచ్చు: ప్రమాదం, కాలుష్యం. రెండూ నిజమైన భయాలే. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసేసి పొగ వదిలే బండిని నేను వెనకేసుకురాను. వెల్డింగ్ రాని చేత్తో మౌంట్లు అతికించడం ఎదుటివాడి ప్రాణంతో ఆట. కానీ ఈ భయాలకు జవాబు నిషేధం కాదని కాలిఫోర్నియా ఎప్పుడో చూపించింది. వాయు కాలుష్యం మీద అంత గట్టిగా ఉండే ఆ రాష్ట్రంలో కూడా, పెట్టే ఇంజిన్ బండి తయారైన ఏడాదిదో అంతకంటే కొత్తదో అయి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దానితో పాటే వస్తే, రెఫరీ అనే అధికారి పరిశీలించి ఒప్పుకుంటాడు. కొలిచి ఒప్పుకోవడం అంటే అదీ. పైగా 1996 నుంచి అమెరికా కార్లలో తప్పనిసరైన, బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదవనిచ్చే ఓబీడీ2 ప్లగ్గు ఉండటం వల్ల తనిఖీ ఇంకా సులువు. కార్బురేటర్ తీసి కొత్త ఇంజెక్షన్ ఇంజిన్ సరిగ్గా పెడితే బయటకు వచ్చే పొగ తగ్గుతుంది, పెరగదు.

అసలు ఆటంకం ఇప్పుడు చట్టం దగ్గర కూడా లేదు. షెడ్డులో సగంలో ఆగిపోయి టార్పాలిన్ కప్పుకున్న బళ్లను చూస్తే అది తెలుస్తుంది. ఇనుము పని అంతా అయిపోయి ఉంటుంది. ఆగింది వైర్ల దగ్గర. వేల మీటర్ల తీగ కాదు సమస్య, ఓపిక ఉంటే తీగను వెతికి పట్టుకోవచ్చు. కొత్త ఇంజిన్ కంప్యూటర్ తన పాత బండి తాళం చెవి చిప్‌ను అడుగుతుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను, ఏబీఎస్‌ను, మీటర్ బోర్డును పలకరించి చూస్తుంది. వాటి నుంచి జవాబు రాకపోతే బండి దొంగతనం అయిందనుకుని ఇంధనం ఆపేస్తుంది. దొంగను ఆపడానికి పెట్టిన ఇమ్మొబిలైజర్ మంచిదే. డబ్బిచ్చి కొన్న ఇంజిన్‌కు కూడా దొంగ ముద్ర వేయడం మాత్రం అన్యాయం.

ఇక్కడి నుంచి ఇది కార్ల విషయంగా మిగలదు. కొన్న వస్తువు ఎవరిది అన్న ప్రశ్న అవుతుంది. ట్రాక్టరులో మార్చిన భాగాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్ గుర్తించేదాకా పొలంలో నిలబడిపోయే రైతు, ఫోన్‌లో స్క్రీన్ మారిస్తే హెచ్చరిక చూసే మనిషి, షెడ్డులో ఇంజిన్ మార్చే మనిషి ఒకే గోడ ముందు ఉన్నారు. కార్ల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు ఇవ్వాలని 2012లో మసాచుసెట్స్ చట్టం చేసింది. బండి సొంతదారు దాని సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతు కోసం తెరవడం కాపీరైట్ నేరం కాదని 2015లో అమెరికా మినహాయింపు ఇచ్చింది. 2024లో ఐరోపా సమాఖ్య మరమ్మతు హక్కు మీద ఆదేశం తెచ్చింది. ఇవి చాలావరకు పాడైన వస్తువును మునుపటిలా చేసుకునే హక్కు గురించే మాట్లాడతాయి. వస్తువును తనకు కావలసినట్టు మార్చుకునే హక్కు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. ఫ్రాన్స్ 2020లో పాత కార్లకు ఎలక్ట్రిక్ మోటార్ పెట్టుకోవడానికి దారి తెరిచింది, సంతోషమే. కానీ ఆమోదించిన కిట్, ఆమోదం పొందిన వర్క్‌షాప్ మాత్రమే అందులో చెల్లుతాయి. ఇంట్లో చేసుకునేవాడికి ఆ దారిలోనూ చోటు లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక కారు తుక్కుకు వెళ్లేటప్పుడు, దాని ఇంజిన్‌ను పాత బండి నుంచి విడదీసే కోడ్ ఆ ఇంజిన్‌తో పాటే కొత్త యజమానికి చేరాలి. ఆ కోడ్ ఇచ్చే ముందు, అది దొంగ బండి కాదని రిజిస్ట్రేషన్ కాగితం చూసి నిర్ధారించుకోవచ్చు. బండి పూర్తయ్యాక ఎవరైనా కట్టుకోగల రుసుముతో ఒక ఇంజనీరు దాని వెల్డింగ్, బ్రేకులు, పొగ చూసి సంతకం పెట్టే ఏర్పాటు ఉండాలి. అంతవరకూ ఆ షెడ్డుల్లో ఇగ్నిషన్ తిప్పిన ప్రతిసారీ, అన్నీ సరిగ్గా బిగించిన మంచి ఇంజిన్ అంటుకుని, రెండు సెకన్లు నడిచి, ఆగిపోతూనే ఉంటుంది.