ఏడేళ్ల కాపురం తరువాత కూడా

మలేషియాలోని తెలుగు కుటుంబంలో పుట్టి గుంటూరు బ్రాడీపేటకు కోడలిగా వచ్చిన మా వదిన, 1955 నాటి పౌరసత్వ చట్టం కోరే ఏడేళ్ల నివాసాన్ని పూర్తిచేసి దరఖాస్తు పెట్టుకున్నారు. పాస్‌పోర్టులో పేరు పక్కన తండ్రి పేరు ఉండగా, పెళ్లి ధ్రువపత్రంలో మా ఇంటిపేరు ఉన్నదన్న ఒక్క కారణంతో, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ జతచేసినా ఫైలును వెనక్కి పంపుతున్నారు. కొర్రీలన్నీ ఒకేసారి రాయరు. ఒకటి తీర్చాకే మరొకటి చెబుతారు, ఇది శుద్ధ అన్యాయం. ఈలోగా వీసా గడువు ముంచుకొస్తున్నది. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు గనుక, పుట్టిన దేశపు పౌరసత్వాన్ని వదులుకోవడానికి కూడా ఆమె సిద్ధపడ్డారు. అంతటి నిర్ణయం తీసుకున్న మనిషిని వరండాలో గంటల తరబడి నిలబెట్టి, తలైనా ఎత్తకుండా ‘ఎల్లుండి రండమ్మా’ అని పంపేయడం ఏం మర్యాద?